చలిలో మొదటి 10కె: జాగ్రత్త పడాల్సింది పరుగెత్తేటప్పుడు కాదు, నిలబడేటప్పుడు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఎనిమిది నెలలుగా పరుగెడుతున్నాను. పరుగూ నడకా కలిపి పది కిలోమీటర్లు 75 నిమిషాల్లో పూర్తి చేస్తాను. మా దగ్గర ఏటా చలికాలంలో ఒక చిన్న 10కె (పది కిలోమీటర్ల) రేస్ జరుగుతుంది. ఎనభై మందికి మించి రారు. ఇంకా మూడు వారాలుంది, పేరు ఇచ్చేశాను. ఆ రోజుల్లో ఇక్కడ పొద్దున్నే 3 డిగ్రీల చలి, గంటకు 15 కిలోమీటర్ల గాలి ఉంటాయి. అంత చలిలో నేనెప్పుడూ పరుగెత్తలేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం (ఆస్తమా) ఉండేది. అందుకే మా అమ్మ "ఊపిరితిత్తులు గడ్డకట్టుకుపోతాయి, మానెయ్యవే" అంటోంది. ఏం వేసుకోవాలో తెలియడం లేదు. అంత తక్కువ మందిలో చిట్టచివర వస్తానేమోనని టెన్షన్ కూడా ఉంది. వెళ్లనా, మాననా?

సమాధానం:

వెళ్లండి. కాకపోతే ఆయాసం సంగతి ముందు డాక్టరుతో తేల్చుకుని వెళ్లండి. మూడు వారాల టైముంది కాబట్టి ఈ వారమే చూపించుకోండి.

ముందు మీ అమ్మగారి భయం గురించి చెబుతాను. ఊపిరితిత్తులు గడ్డకట్టవు. మనం పీల్చిన గాలి ముక్కు, గొంతు, శ్వాసనాళాలు దాటేలోపే దాదాపు ఒంటి వేడికి వచ్చేస్తుంది. 3 డిగ్రీలే కాదు, అంతకంటే చాలా చల్లటి గాలిని కూడా ఒళ్లు అలాగే వెచ్చబెట్టుకుంటుంది. అయితే ఆవిడ భయంలో నిజమూ ఉంది. చల్లటి గాలిలో తేమ చాలా తక్కువ. పరుగులో నోటితో గబగబా పీలుస్తాం కాబట్టి ఆ గాలిని వెచ్చబెట్టి, తడిపే పని ముక్కు ఒక్కటే చేయలేదు. లోపలి నాళాలు కూడా చేయాల్సి వస్తుంది. వాటి గోడల మీదున్న తడి ఆరిపోతుంది. కొంతమందికి అప్పుడు నాళాలు బిగుసుకుంటాయి. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం మొదలవుతాయి. ఆయాసం ఉన్నవాళ్లలో, ఒకప్పుడు ఉండి తగ్గిపోయినవాళ్లలో ఇది ఎక్కువ.

ఇది చాలాసార్లు పరుగు మధ్యలో కాకుండా ఆపిన ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో బాగా తెలుస్తుంది. మీరు మామూలుగా పరుగెత్తి వచ్చాక కాసేపు పొడిదగ్గు వస్తోందా? "ఏదో గొంతు ఆరిపోయింది" అని వదిలేస్తున్నారా? గుర్తు చేసుకుని డాక్టరుకు ఆ మాటే చెప్పండి. అవసరమైతే పరుగుకు పావుగంట ముందు తీసుకోవడానికి ఇన్‌హేలర్ రాసిస్తారు. రాసిస్తే దాన్ని కారులో వదిలేయకుండా లోపలి జేబులో పెట్టుకుని పరుగెత్తండి. మందు అవసరం లేదన్నా సరే, మెడకు వేసుకునే పల్చటి గొట్టం లాంటి గుడ్డ ఒకటి కొనుక్కోండి. మొదటి రెండు కిలోమీటర్లు దాన్ని నోటి మీదికి లాక్కుంటే మీరు వదిలిన ఊపిరిలోని తేమ, వెచ్చదనం మళ్లీ మీకే అందుతాయి. తర్వాత కిందికి దించేసుకోవచ్చు.

ఇక చలి సంగతి. నిజానికి పరుగుకు చలి మంచిదే. మనం ఖర్చు పెట్టే శక్తిలో కాళ్లను నడిపించేది పావు వంతు, మహా అయితే అంతే. మిగతా ముప్పావు వంతూ వేడి. 60 కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెడితే సుమారు 600 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 450 ఒంట్లో పొయ్యిలా మండినవే. ఎండాకాలంలో ఆ వేడిని బయటికి పంపలేకే అలిసిపోతాం. చలికాలంలో ఆ బాధ లేదు. అందుకే మీరు పరుగెత్తే ఆ గంటంబావు గురించి నాకు పెద్దగా భయం లేదు. నా భయమంతా రేస్ మొదలయ్యే ముందు ఇరవై నిమిషాలు, ముగిశాక ఇరవై నిమిషాల గురించే. పొయ్యి వెలగకముందు, ఆరిపోయాక.

నా అనుభవం ఒకటి చెబుతాను. మొదటిసారి చలికాలపు రేస్‌కు వెళ్లినప్పుడు కాటన్ టీషర్టు వేసుకుని, దాని మీద మందపాటి స్వెట్టర్ తొడుక్కున్నాను. రెండో కిలోమీటరుకే చెమటతో తడిసిపోయాను. పరుగు బాగానే సాగింది, ముగించాక చాలా సంతోషంగా ఉంది. బహుమతులు ఇస్తున్నారంటే చూద్దామని ఆ తడి బట్టలతోనే ఆరుబయట నిలబడ్డాను. పదిహేను నిమిషాలకు పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఇంటికి పోదామని కారు దగ్గరికి వెళితే వేళ్లు కొంకర్లు పోయి తాళంచెవి పట్టుకోలేకపోయాను. పక్క కారులో ఉన్న ఒకావిడ చూసి, తలుపు తీసి, నన్ను కూర్చోబెట్టి హీటర్ వేసింది. పరుగెత్తుతున్నంతసేపూ నాకు చలే వేయలేదు. ఆ రోజు నుంచీ పొడి బట్టల సంచీ లేకుండా నేను ఏ రేస్‌కూ వెళ్లలేదు.

బట్టల విషయంలో పరుగెత్తేవాళ్లు చెప్పుకునే లెక్క ఒకటుంది. బయట ఎన్ని డిగ్రీలుంటే దానికి పది కలిపి, ఆ వేడిలో నడకకు వెళితే ఏం వేసుకుంటారో అది వేసుకోవాలి. 3 డిగ్రీలకు పది కలిపితే 13. అంటే స్టార్ట్ లైన్ దగ్గర కాస్త వణుకు పుట్టాలి. అక్కడే హాయిగా, వెచ్చగా ఉంటే రెండో కిలోమీటరుకు చెమటతో తడిసిపోతారని అర్థం. అయితే ఈ లెక్క ఆపకుండా పరుగెత్తేవాళ్లది. మీరు మధ్యలో నడుస్తారు, నడిచేటప్పుడు వేడి తక్కువ పుడుతుంది. అందుకని ముందు వరుసలో నిక్కర్లతో నిలబడ్డవాళ్లను చూసి మీ జాకెట్ తీసేయకండి. వాళ్లు 40 నిమిషాల్లో ముగించి లోపలికి పోతారు. మీరు ఇంకో అరగంటకు పైగా బయటే ఉంటారు. నెమ్మదిగా వెళ్లేవాళ్లకే చలి ఎక్కువ తగులుతుంది.

ఒంటికి ఆనుకునే బట్ట కాటన్ కాకూడదు. కాటన్ చెమటను పీల్చుకుని వదలదు. పాలిస్టర్ లాంటి జారుడు బట్టో, పల్చటి ఉన్నిదో పొడవు చేతులది వేసుకోండి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. దాని మీద గాలిని ఆపే పల్చటి జాకెట్, ముందు జిప్పు ఉన్నది. కాళ్లకు పొడవాటి లెగ్గింగ్స్ చాలు. చలికి ఒళ్లు ముందుగా వేళ్లకు రక్తం తగ్గిస్తుంది కాబట్టి గ్లోవ్స్ మాత్రం మరిచిపోకండి. నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉండే రకమైతే ఇంకా వెచ్చగా ఉంటాయి. ఏవీ దొరక్కపోతే చేతులకు పాత సాక్సులు తొడుక్కోండి, చాలామంది చేసే పనే. చెవులు కప్పే పట్టీ గానీ పల్చటి టోపీ గానీ ఉండాలి. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందని ఎవరో ఒకరు చెబుతారు, అది నిజం కాదు. పోయేది పదో వంతు, కాస్త అటూ ఇటూగా. అయినా చెవులు నొప్పెడితే పరుగు మీద మనసు నిలవదు కాబట్టి వాటిని కప్పుకోవాలి.

ఈ మూడు వారాల్లో కనీసం మూడుసార్లు సరిగ్గా రేస్ జరిగే వేళకే, ఇవే బట్టలతో బయటికి వెళ్లి అరగంటైనా పరుగెత్తండి. ఏది ఎక్కువైంది, ఏది చాలలేదు అన్నది నా మాటకంటే ఆ మూడు పరుగులే మీకు బాగా చెబుతాయి. చలిని మొదటిసారి చూడటం రేస్ రోజున కాకూడదు.

గాలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చలిని అందరూ చూసుకుంటారు, గాలి ఎటు నుంచి వీస్తోందో మాత్రం చాలామంది పట్టించుకోరు. వాతావరణ వార్తల్లో "ఒంటికి తగిలే చలి" అని చెప్పే లెక్క ప్రకారం 3 డిగ్రీల్లో 15 కిలోమీటర్ల గాలి వీస్తుంటే బయటపెట్టిన ముఖానికి సుమారు మైనస్ 1లా ఉంటుంది. మీరు గంటకు 8 కిలోమీటర్లు పరుగెత్తుతారు. గాలికి ఎదురెళితే మీ ముఖానికి తగిలేది 23 కిలోమీటర్ల గాలి. వీపు వైపు నుంచి వీస్తే 7 మాత్రమే. లెక్కలో ఈ రెండింటికీ తేడా మూడు డిగ్రీలే. కానీ ఆ లెక్క పొడి చర్మానికి వేసింది. తడి బట్టకు అది వర్తించదు, అక్కడ తేడా చాలా ఎక్కువగా తెలుస్తుంది.

చిన్న రేస్‌లలో చాలావరకు ఒక దారిన వెళ్లి అదే దారిన తిరిగి వస్తారు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి అయితే మీ అదృష్టం. అది తారుమారైతేనే ఇబ్బంది. గాలి తోస్తుంటే మొదటి ఐదు కిలోమీటర్లు హాయిగా, వేగంగా వెళతారు. చలే లేదనిపిస్తుంది, చెమట పడుతుంది. మలుపు తిరగ్గానే తడిసిన ఛాతీకి గాలి ఎదురుగా కొడుతుంది. అప్పటికి అలసట కూడా మొదలై ఉంటుంది. అందుకని ముందు రోజు రాత్రే గాలి దిశ చూసుకుని, దారి పటం పక్కన పెట్టుకోండి. గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు జిప్పు సగం దించి, గ్లోవ్స్ తీసి చెమట పట్టకుండా చూసుకోండి. మలుపుకు రెండు వందల మీటర్ల ముందే జిప్పు పైదాకా లాగేయండి. పెద్ద రేస్‌లో ఎవరో ఒకరి వెనక నక్కి గాలిని తప్పించుకోవచ్చు. ఎనభై మందిలో మీ ముందు ఎవరూ ఉండకపోవచ్చు. మీ వేగంతో వెళ్లేవాళ్లు ఒక్కరు దొరికినా "కాసేపు మీరు ముందుండండి, కాసేపు నేనుంటాను" అని అడగండి. ఇలాంటి చిన్న రేస్‌లలో కాదనేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

ఎదురుగాలిలో వాచీ చూసుకోకండి. ఊపిరిని బట్టి వెళ్లండి. అమెరికాలో 42 కిలోమీటర్ల బోస్టన్ మారథాన్ 2018లో ఎముకలు కొరికే చలిలో, వానలో, ఎదురుగాలిలో జరిగింది. ఎందరో పేరున్నవాళ్లు మధ్యలోనే ఆగిపోయారు. మహిళల్లో గెలిచిన డెసిరీ లిండెన్ టైము 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లు. అదే దారిలో 2011లో ఆమె 2 గంటల 22 నిమిషాల్లో పరుగెత్తింది. పదిహేడు నిమిషాలు ఎక్కువ పట్టినా ఆ రోజు విజేత ఆమే. మీకూ 75 కాస్తా 80 అయితే అది గాలి పుణ్యమే, మీ సాధనలో లోపం కాదు.

రేస్ రోజు పొద్దున చేయాల్సిన పనుల్లో వేళ్లతో చేసేవన్నీ ఇంట్లోనే, వేళ్లు వెచ్చగా ఉన్నప్పుడే చేసేయండి. బూట్ల లేసులు రెండు ముడులు వేయండి. నంబరు కాగితం ముందురోజే ఇస్తే తెచ్చుకుని రాత్రే పిన్నులతో పెట్టేసుకోండి. మొద్దుబారిన వేళ్లతో ఆ చిన్న పిన్నులు పెట్టడం నిజంగా కష్టం. మధ్యలో తీయని బట్టకే అది ఉండాలి. ఫోన్ తీసుకెళితే జాకెట్ లోపల, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. నీళ్లు బయల్దేరే ముందే తాగండి, చలిలో దాహం తెలియదు. చలికి మూత్రం కూడా ఎక్కువ వస్తుంది, అది మీ ఒక్కరి కంగారు వల్ల కాదు. చివరి నిమిషం దాకా ఆగకుండా ముందే వెళ్లి రండి.

చిన్న రేస్‌లు చెప్పిన టైముకు మొదలవుతాయని నమ్మకం పెట్టుకోవద్దు. పది, పదిహేను నిమిషాల ఆలస్యం మామూలే. పాత స్వెట్టర్, పాత ప్యాంటు పైన వేసుకుని గదిలోనో కారులోనో కూర్చోండి. మొదలవడానికి ఇరవై నిమిషాల ముందు బయటికొచ్చి వార్మప్ చేయండి. చలికి కండరాలు బిగిసి ఉంటాయి కాబట్టి రోజూకంటే ఎక్కువసేపు కావాలి. ఐదు నిమిషాలు గట్టిగా నడవండి, ఐదు నిమిషాలు మెల్లగా పరుగెత్తండి, తర్వాత చేతులు కాళ్లు ఊపండి. ఒకేచోట నిలబడి వంగి కండరాలు సాగదీయడం వద్దు, అంతలో చల్లారిపోతారు. పైన వేసుకున్న పాత బట్టలు "రెండు నిమిషాల్లో మొదలు" అన్నాకే తీయండి.

మానేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ముక్కు కారుతున్నంత మాత్రాన ఫరవాలేదు గానీ జ్వరం ఉన్నా, ఛాతీలో కఫం ఉన్నా వద్దు. రోడ్డు మీద కంటికి ఆనని మంచు పొర ఉంటే వద్దు, విరిగిన మణికట్టు నెలల తరబడి బాధిస్తుంది. అన్నిటికంటే చలితో పాటు వానా, గట్టి గాలీ కలిసి వస్తే మాత్రం దయచేసి వెళ్లకండి. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో కొండల్లో జరిగిన వంద కిలోమీటర్ల రేస్‌లో వడగళ్లు, చలివాన, ఈదురుగాలి ఒక్కసారిగా కమ్ముకొచ్చాయి. 172 మంది బయల్దేరితే 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆ దేశంలో పేరున్న పరుగువీరులూ ఉన్నారు. అది చలికాలం కూడా కాదు. మీది ఊరి రోడ్డు మీద పది కిలోమీటర్లు, ఆ పరిస్థితి మీకు రాదు. కానీ పొడి చలి ఒకటి, తడి చలి వేరొకటి. 3 డిగ్రీల పొడి ఎండపొద్దు కంటే 7 డిగ్రీల వాన, గాలి ప్రమాదం.

పరుగులో ఛాతీలో నొప్పి, బిగువు వస్తే ఆగి దగ్గర్లో ఉన్న వలంటీర్‌తో చెప్పండి. మీకే కాదు, పక్కవాళ్లకైనా మాట ముద్దగా వస్తుంటే, అడుగులు తడబడుతుంటే, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతుంటే అది ఒంటి వేడి పడిపోతున్న గుర్తు. వాళ్లను ఒంటరిగా వదలకండి, లోపలికి తీసుకెళ్లి తడి బట్టలు మార్పించి, సాయం పిలవండి.

చివర రావడం గురించి అడిగారు. రావచ్చు. ఎనభై మందిలో ఎవరో ఒకరు చివర ఉండక తప్పదు. నిర్వాహకులకు ఇప్పుడే ఫోన్ చేసి, ఎంతసేపటిదాకా ఫినిష్ లైన్ తెరిచి ఉంచుతారో అడగండి. గంటన్నర అంటే ఇక మీకు టెన్షన్ అక్కర్లేదు. జపాన్‌కు చెందిన యూకీ కవాయుచి అనే ఆయన అప్పట్లో హైస్కూల్లో ఉద్యోగం చేసుకుంటూ పరుగెత్తేవాడు. 2018 జనవరి 1న అమెరికాలోని మార్ష్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో, మైనస్ 17 డిగ్రీల చలిలో, వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మొదలుపెట్టిన మారథాన్‌ను 2 గంటల 18 నిమిషాల 59 సెకన్లలో ముగించాడు. నేను పైన చెప్పిన ఆ బోస్టన్ వానలో పురుషుల్లో గెలిచింది కూడా ఆయనే, ఆ ఏప్రిల్‌లోనే. అంతటివాడూ దాదాపు ఎవరూ లేని రోడ్డు మీద పరుగెత్తాడు. చిన్న రేస్‌లో చాలాసేపు మీరు, రోడ్డు, మీ ఊపిరి చప్పుడు అంతే ఉంటాయి. నాకు చిన్న రేస్‌లంటే అందుకే ఇష్టం. మలుపుల దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ వలంటీర్లకు మాత్రం మీకంటే ఎక్కువ చలేస్తుంటుంది, కదలకుండా ఉంటారు కాబట్టి. దాటేటప్పుడు వాళ్లకొక థ్యాంక్స్ చెప్పండి.

ఇక ముగిశాక చేయాల్సింది. గీత దాటగానే ఆగిపోకుండా రెండు నిమిషాలు నడుస్తూ నేరుగా లోపలికి వెళ్లండి. ఫోటోలు, పలకరింపులు తర్వాత. ముందు పైబట్టలు మార్చండి. లోపల వేసుకున్న స్పోర్ట్స్ బ్రా కూడా మార్చాలి. చాలామంది అదొక్కటి వదిలేసి, పైన స్వెట్టర్ వేసుకున్నా ఎందుకు వణుకుతున్నామో తెలియక బాధపడతారు. తడిసింది తలమీదుగా తీయడం అలసిన చేతులతో కష్టం కాబట్టి ముందుకో వెనక్కో హుక్కులున్నది వేసుకుంటే మంచిది. తర్వాత పొడి టోపీ, పొడి సాక్సులు, వెచ్చగా తాగడానికి ఏదైనా. పదిహేను నిమిషాల్లో దగ్గు గానీ పిల్లికూతలు గానీ వస్తున్నాయేమో గమనించుకోండి.

ఆ సంచీ పట్టుకునే పని మీ అమ్మగారికి అప్పగించండి. మానెయ్యమన్న మనిషి ఇంట్లో కూర్చుని కంగారుపడేకంటే దగ్గరుండి చూసుకుంటే ఆవిడకూ నెమ్మదిగా ఉంటుంది. మీకు కావాల్సిన మనిషీ ఆవిడే. కాకపోతే మీరు పరుగెత్తుతున్నంతసేపూ ఆవిడను గీత దగ్గర నిలబడనివ్వకండి. లోపల కూర్చుని, మొదలైన 70 నిమిషాలకు బయటికి రమ్మనండి. ఆవిడకూ గ్లోవ్స్ ఒక జత కొనండి.